ఆసనోష్ణోగ్రత

చింతలగట్టు పురపాలక సంఘానికి ఆ జ్వరాల ఏడాదిలో పిస్తోలు ఆకారంలో ఉండే థర్మామీటర్లు ఒక పెట్టెడు వచ్చాయి. నుదుటికి గురిపెట్టి మీట నొక్కితే ఒంటి వేడి ఎంతో అంకెల్లో చెప్పే రకం. జ్వరాలు పోయాయి, థర్మామీటర్లు స్టోరు గదిలో చీపుళ్ల కట్టల వెనక్కి పోయాయి. ఎవరి మానాన వాళ్లు హాయిగా ఉన్నారు. అలా ఉండనిస్తే అది ఆఫీసు ఎందుకవుతుంది? ఆడిట్ వాళ్లు వచ్చారు, స్టోరంతా దులిపారు, సదరు పరికరములు నిరుపయోగముగా ఏల పడియున్నవో సంజాయిషీ ఇవ్వవలసినదని ఒక అభ్యంతరం రాసి పారేసి, పెసరట్లు తిని వెళ్లిపోయారు.

కమిషనర్ దండిభొట్ల ఉమాకాంతం గారు ఆడిట్ అభ్యంతరాన్ని తలనొప్పి అనుకునే మనిషి కాదు, అవకాశం అనుకునే మనిషి. అటెండరు మస్తాన్‌వలీని పిలిచి ఒక థర్మామీటరు తెప్పించి, బ్యాటరీలు వేయించి, కంటికి కనపడ్డ ప్రతిదానికీ గురిపెట్టడం మొదలుపెట్టారు. టీ కప్పుకి పెట్టారు, ఫైళ్ల కట్టకి పెట్టారు, కిటికీ ఊచకి పెట్టారు, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మేనేజరు పరాంకుశం గారి బట్టతలకి కూడా పెట్టారు. ఒంటి వేడికి ఒక మీట, వస్తువుల పైభాగం వేడికి ఇంకో మీట ఉంటాయని మస్తాన్‌వలీ చూపించాక ఇక ఆయనకి పట్టపగ్గాల్లేవు. ఆ ఊపులో లేచి, వెనక్కి తిరిగి, తను అంతసేపూ కూర్చున్న కుర్చీకి గురిపెట్టారు. మాఘమాసపు చలి ఇంకా తగ్గని రోజులవి. గోడ ఇరవై ఆరు డిగ్రీలు చూపిస్తే కుర్చీ ముప్పై నాలుగు చూపించింది.

"పరాంకుశం గారూ, ఈ ఎనిమిది డిగ్రీలు ఏమిటనుకున్నారు? ఇది నా పరిపాలన," అన్నారు ఆయన.

పరాంకుశం గారు తాను కూడా అదే అనుకుంటున్నానని మనవి చేసుకున్నారు.

ఇక్కడ ఆ ఆఫీసు అలవాటు ఒకటి చెప్పాలి. హాజరుకి వేలిముద్ర యంత్రం ఉంది. పొద్దున్నే వచ్చి అందులో వేలు పెట్టడం, కుర్చీ వీపుకి ఒక కండువానో చేతిసంచో తగిలించడం, టీకి వెళ్లడం. ఆ టీ మధ్యాహ్నం భోజనం దాకా సాగేది, భోజనం సాయంత్రం టీ దాకా సాగేది. పనిమీద వచ్చిన జనం కండువాని చూసి, సారు ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటారని దాని ఎదురుగా భక్తిగా నిలబడేవారు. కండువా మనిషిలా ఉంటుంది గానీ మనిషిలా వేడెక్కదు కదా. కమిషనర్ గారు కనిపెట్టింది అదీ. ఆ సాయంత్రానికే సర్క్యులర్ నోటీసు బోర్డు ఎక్కింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఉద్యోగి యొక్క విధి నిర్వహణ అతని ఆసనమునందు నిక్షిప్తమై యుండును గనుక, ఇకపై సదరు ఆసనపు ఉపరితల ఉష్ణోగ్రతయే, అనగా ఆసనోష్ణోగ్రతయే, హాజరుకును పనితీరుకును ఏకైక కొలమానముగా పరిగణించబడును."

అందరి గుండెల్లో రాయి పడింది. జనన మరణాల సెక్షన్‌లో దీవెనమ్మ ఒక్కతే నవ్వుకుంది. ఎందుకు నవ్వదూ, ఆమెకి కుర్చీయే లేదు.

ఆ సెక్షన్‌కి ఉన్నది ఒకటే పోస్టు, జూనియర్ అసిస్టెంటు. అందులో ఉన్నాయన ప్రమోషన్ మీద వెళ్లిపోయి ఏళ్లు గడిచాయి. ఆయన పనంతా ఔట్‌సోర్సింగ్ మీద వచ్చిన దీవెనమ్మే చేస్తోంది. ఊళ్లో పుట్టినవాళ్లు ఆమె రాస్తేనే పుట్టినట్టు, పోయినవాళ్లు ఆమె ముద్ర వేస్తేనే పోయినట్టు. అయితే మంజూరైన పోస్టు తాలూకు ఆసనంలో ఔట్‌సోర్సింగ్ వాళ్లు కూర్చోరాదు, కూర్చుంటే ఆ పోస్టు మీద హక్కు పుడుతుంది, అని రూలు. అందుకని పడమటి కిటికీ పక్కన నల్ల రెక్సిన్ కుర్చీ ఖాళీగా ఉండేది. దాని పక్కనే ఒక చెక్క స్టూలు వేసుకుని దీవెనమ్మ ఆ కుర్చీ పని చేస్తూ ఉండేది.

ఆమెకి ప్రాణమంతా ఆ కుర్చీ మీదే ఉంది. ఆ పోస్టు నింపమని కమిషనర్ గారు పైకి రాస్తే చాలు, ఆ పని చేస్తున్నవాళ్లకే ముందు అవకాశం. రాస్తానని ఆయన ఒప్పుకున్నారు కూడా. కాకపోతే ఏప్రిల్‌లోగా రాయాలి. ఏప్రిల్ దాటితే దీవెనమ్మకి వయోపరిమితి దాటిపోతుంది, ఇక ఏ సర్కారు కుర్చీ ఆమెది కాదు. మొగుడు ఏసుపాదం ఆటో నడుపుతాడు. ఆ కుర్చీలో నువ్వు కూచున్ననాడు ఊళ్లో ఎవరెక్కినా డబ్బులు తీసుకోను అని అందరి దగ్గరా చెప్పేసుకున్నాడు.

సర్క్యులర్ వచ్చిన మర్నాటి నుంచీ మస్తాన్‌వలీ థర్మామీటరు నడుముకి దోపుకుని సీటు సీటుకీ తిరగడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు అందరూ బుద్ధిగా కూర్చున్నారు. ఆ తరవాత తెలివి తెచ్చుకున్నారు. అకౌంటెంటు గారు కుర్చీలో వేడినీళ్ల సంచి పెట్టి, పైన కండువా కప్పి టీకి వెళ్లారు. టౌన్ ప్లానింగ్ ఆయన ఇంటి నుంచి వచ్చిన సాంబారు క్యారియర్‌ని తన బదులు కూర్చోబెట్టారు. జ్వరంతో మూలుగుతున్న బిల్ కలెక్టర్ సెలవు చీటీ తెస్తే, అతని కుర్చీ ముప్పై ఏడు దాటిందని కమిషనర్ గారు అందరినీ పిలిచి చూపించి, ఇంతటి అంకితభావానికి సెలవు ఇవ్వడం సంస్థకే నష్టమని చెప్పి పంపేశారు.

పాపం శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఒక్కడే ఇరుక్కున్నాడు. పొద్దు పొడవకముందు నుంచీ వీధులు తిరిగే మనిషి, కుర్చీ ఎప్పుడూ చల్లగానే ఉండేది. నీ ఆసనము శవమువలె ఉన్నదని మెమో ఇచ్చారు. దానితో అతను వీధులు మానేసి కుర్చీలో కూర్చున్నాడు. కాలవలు పొంగి రోడ్ల మీదికి వచ్చాయి గానీ కుర్చీ ముప్పై ఆరుకి వచ్చింది. అతని పనితీరు గణనీయముగా మెరుగుపడినదని ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఇదంతా చూసి దీవెనమ్మ ఇంటికెళ్లి ఏసుపాదానికి చెప్పి కడుపుబ్బ నవ్వేది. ఆ నవ్వు ఎన్నాళ్లో లేదు.

ఒక మధ్యాహ్నం మస్తాన్‌వలీ ఆమె సెక్షన్‌కి వచ్చాడు. ఔట్‌సోర్సింగ్ స్టూళ్లు లెక్కలోకి రావు గనుక ఆమెని వదిలేసి, పక్కనున్న ఖాళీ కుర్చీకి గురిపెట్టాడు. ఖాళీ అయినా మంజూరైన ఆసనం, చూడకపోతే ఊరుకోరు. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా నల్ల రెక్సిన్ మీద పడుతోంది. అంకె నలభై నాలుగు చూపించింది. మస్తాన్‌వలీ ఇంకోసారి నొక్కాడు, నలభై అయిదు. ఆ ఆఫీసులో అంత అంకె ఎవరికీ రాలేదు. అతను పరుగున వెళ్లి చెప్పాడు, కమిషనర్ గారు పరుగులాంటి నడకతో వచ్చారు, వెనక పరాంకుశం గారు వచ్చారు.

"ఈ ఆసనధారి ఎవరు?" అని అడిగారు కమిషనర్ గారు.

ఎవరూ లేరండి, ఖాళీ పోస్టు అన్నారు పరాంకుశం గారు. అది ఎండ వేడి సార్, కిటికీ తలుపు వేస్తే పోద్ది అని దీవెనమ్మ లేచి నిలబడి చెప్పింది. ఇంకెవరైనా అయితే అక్కడితో ఆగిపోయేవారు. ఉమాకాంతం గారు ఆ అమాయకత్వానికి జాలిపడి చిరునవ్వు నవ్వారు.

"చూడమ్మా, పరికరం అంకె చూపిస్తుంది, కారణం చూపించదు. పరికరం చూపించనిది నేను నివేదికలో రాయలేను. ఎండ అనేది మన పురపాలక సంఘం పరిధిలోని అంశం కాదు. ఆసనం మన పరిధిలోది. కాబట్టి ఈ వేడి ఆసనానిదే."

ఆ నెల ఉత్తమ ఆసనం సన్మానం ఆ కుర్చీకే జరిగింది. మీటింగు హాల్లోకి ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. శాలువా కప్పారు, దండ వేశారు, చేతి మీద ఒక నిమ్మకాయ పెట్టారు. ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించకుండా, సెలవు అడగకుండా, సంఘాల్లో చేరకుండా ఇంత వేడి సాధించిన ఆసనాన్ని తన సర్వీసులో చూడలేదని కమిషనర్ గారు ఉపన్యసించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో దీవెనమ్మ కూడా ఉంది. వినోదంగానే కొట్టింది. మర్నాడు పోస్టు సంగతి అడగడానికి పరాంకుశం గారి దగ్గరికి వెళ్లాక ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

పైకి పంపాల్సిన ప్రతిపాదనలోంచి ఆ పోస్టు తీసేశారట. మనిషి లేకుండానే నలభై అయిదు డిగ్రీల మేర పనిచేస్తున్న పోస్టులో మనిషిని వేస్తే ముప్పై ఆరుకి పడిపోతుంది, ప్రభుత్వానికి తొమ్మిది డిగ్రీల నష్టం అని కమిషనర్ గారు రాశారట. తొమ్మిది డిగ్రీలకి బాధ్యత ఎవరు వహిస్తారమ్మా అని పరాంకుశం గారు ఆమెనే అడిగారు. మంచి మనిషే, కానీ అడిగేశారు.

దీవెనమ్మకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మీదే కోపం వచ్చింది. ఇన్నేళ్లూ పక్కన కూర్చుని తుడిచి, దులిపి, పిల్లి ఎక్కితే తరిమి కాపాడుకున్న కుర్చీ తన నోట్లోనే మట్టి కొట్టింది. ఏసుపాదం అంతా విని, వేడిగా ఉంటేనే కదా ఈ గోలంతా, చల్లారిస్తే సరి అన్నాడు. అతనికి తెలిసిన విద్య అది. ఆటో ఇంజను వేడెక్కితే నీళ్లు పోస్తాడు.

మర్నాడు దీవెనమ్మ కిటికీకి పాత చీర అడ్డం కట్టింది. కుర్చీ రెక్సిన్ పగుళ్లలోంచి లోపలి దూది నిండా తాగేలాగా బిందెడు నీళ్లు పోసింది. పైన ఫ్యాన్ తిరుగుతోంది. మధ్యాహ్నం మస్తాన్‌వలీ వచ్చి గురిపెడితే ఇరవై మూడు చూపించింది. అతను నమ్మలేక థర్మామీటరుని అరచేతికి కొట్టుకుని మళ్లీ చూశాడు. కింద నీటి మడుగు కనపడింది గానీ మడుగు కొలవమని తనకెవరూ చెప్పలేదు, అందుకని కొలవలేదు.

ఇప్పుడైనా ఈ కుర్చీ ఒట్టిదని, మనిషి కావాలని ఒప్పుకుంటారనుకుంది దీవెనమ్మ. ఉమాకాంతం గారి బుర్ర ఆమెకి ఇంకా పూర్తిగా తెలియలేదు. సన్మానము పొందిన వెంటనే సదరు ఆసనము అలసత్వము వహించి, ఉష్ణోగ్రతను ఉద్దేశపూర్వకముగా తగ్గించుకొనినందున, ఏల క్రమశిక్షణా చర్య తీసుకొనరాదో తెలుపవలసినదని మెమో వచ్చింది. మస్తాన్‌వలీ దాన్ని జిగురు పెట్టి కుర్చీ వీపుకి అంటించి, ముట్టినట్టుగా కుర్చీ చేతి మీద స్టాంపు ప్యాడు సిరా రాసి ముద్ర తీసుకున్నాడు. గడువులోగా జవాబు రాలేదు. చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించి కుర్చీని సస్పెండ్ చేశారు. అనుమతి లేనిదే ప్రధాన స్థానము విడిచి వెళ్లరాదని షరతు పెట్టి, స్టోరు గదిలో చీపుళ్ల పక్కన ఉంచారు.

కిటికీ పక్కన జాగా ఖాళీ అయింది. దీవెనమ్మ ప్రాణం లేచొచ్చింది. గబగబా పరాంకుశం గారి దగ్గరికి వెళ్లి, ఇప్పుడైతే పోస్టు ఖాళీయే కదండీ అంది.

"సస్పెన్షన్‌లో ఉన్న పోస్టు ఖాళీ ఎట్లా అవుద్దమ్మా? విచారణ తేలేదాకా అది వాళ్లదే," అన్నారాయన.

"ఎవరిది సార్? ఆ కుర్చీలో ముందు కూడా ఎవరూ లేరు కదా."

"అప్పుడు ఎవరూ లేరు. ఇప్పుడు సస్పెండైనవాళ్లు ఉన్నారు."

దీవెనమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. మార్చి చివరికి వచ్చేసింది.

అయితే సెక్షన్‌కి బాధ్యులెవరూ లేకుండా ఉండకూడదు, ఎవరో ఒకరికి ఇన్‌చార్జి ఇవ్వాలి. తగినవాళ్లని తానే స్వయంగా ఎంపిక చేస్తానని కమిషనర్ గారు థర్మామీటరు పట్టుకుని వచ్చారు. దీవెనమ్మ లేచి నిలబడింది. ఆమె లేచిన స్టూలుకి ఆయన గురిపెట్టారు. ముప్పై అయిదు. మర్నాడు వచ్చారు, ముప్పై అయిదు. చెప్పాపెట్టకుండా పొద్దున్నే వచ్చారు, భోజనాల వేళ వచ్చారు, ఆఫీసు మూసే వేళ వచ్చారు. ఎప్పుడు చూసినా అదే అంకె. ఎండ వచ్చినా పోయినా మారని ఆ నిలకడకి ఆయన కరిగిపోయారు.

"దీని మీద ఎవరు కూర్చుంటారు?"

"నేనే సార్. తొమ్మిదేళ్ల నుంచీ," అంది దీవెనమ్మ.

"అమోఘం. ఆర్డరు రేపే ఇస్తాను," అన్నారు కమిషనర్ గారు. ఆ మాట ఆయన చాలా ఆప్యాయంగా అన్నారు.

ఆ సాయంత్రం ఏసుపాదం నిజంగానే ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు. బస్టాండు నుంచి రైల్వే గేటు దాకా ఎక్కినవాళ్లందరికీ తన భార్యకి ఇన్‌చార్జి వచ్చిందని, ఇన్‌చార్జి వచ్చాక పోస్టు రావడమెంతసేపని చెప్పాడు. దీవెనమ్మ మర్నాడు పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని, కిలో జాంగ్రీ పట్టుకుని ఆఫీసుకొచ్చింది. పరాంకుశం గారు ఆర్డరు చదవడానికి కళ్లజోడు సవరించుకున్నారు. నాలుగు వాక్యాలు చదివాక కళ్లజోడు తీసేసి, తుడుచుకుని, ఆమె మొహం చూడకుండా మిగిలింది చదివారు.

"జనన మరణాల విభాగమునందలి చెక్క స్టూలు కనబరచిన నిలకడను, నిబద్ధతను పరిగణనలోనికి తీసుకొని, సదరు స్టూలుకు జూనియర్ అసిస్టెంటు పోస్టు యొక్క పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది."

అందరూ స్టూలు వైపు చూశారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్లు అందుకున్నారు. దీవెనమ్మ జాంగ్రీల పొట్లం గుండెలకి అదుముకుని, మరి నేను సార్ అని అడిగింది.

పరాంకుశం గారు ఆమెని పక్కకి తీసుకెళ్లి నచ్చజెప్పారు. పని ఆమెదే, ఎక్కడికీ పోదు, జీతమూ పోదు. ఒక్కటే మార్పు. నిన్నటి దాకా అది ఒట్టి స్టూలు, ఇవాళ్టి నుంచీ మంజూరైన ఆసనం. మంజూరైన ఆసనంలో ఔట్‌సోర్సింగ్ వాళ్లు కూర్చోరాదు. ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. జాంగ్రీ మాత్రం తీసుకున్నారు.

ఏప్రిల్ వచ్చింది, దీవెనమ్మ పుట్టినరోజూ వచ్చింది, వయోపరిమితి దాటిపోయింది. ఆ రోజు ఏసుపాదం మునక్కాడలు వేసి కోడికూర వండించాడు గానీ ఇద్దరూ సరిగ్గా తినలేదు. ఆ తరవాత ఎండలు ముదిరాయి. ఆ ఊళ్లో ఎండలంటే మాటలు కాదు, నీడలో ఉన్న రాయి కూడా కాలుతుంది. మస్తాన్‌వలీ ఎక్కడ గురిపెట్టినా నలభై, నలభై ఒకటి. వేడినీళ్ల సంచులు, సాంబారు క్యారియర్లు ఇంటికెళ్లిపోయాయి. కుర్చీలు వాటంతట అవే విధులు నిర్వర్తిస్తున్నాయని అర్థమయ్యాక మనుషులు కూడా ఇంటికెళ్లిపోయారు. కమిషనర్ గారు తన గదిలో ఏసీ ఆపించి, కుర్చీని దాని పనికి వదిలేసి కాంపుకి వెళ్లారు. నూటికి నూరు శాతం హాజరుతో చింతలగట్టు పురపాలక సంఘం జిల్లాలో మొదటి స్థానంలో నిలిచింది. ఆడిట్ అభ్యంతరం కొట్టేశారు.

అలాంటి ఒక మిట్టమధ్యాహ్నం, భార్య మరణ ధ్రువపత్రం కోసం ఒక ముసలాయన తలకి తువ్వాలు చుట్టుకుని ఆఫీసుకొచ్చాడు. గదులన్నీ తిరిగాడు. వరసగా కుర్చీలు ఉన్నాయి, మనుషులు లేరు. చివరికి జనన మరణాల సెక్షన్‌లో ఒక్క ఆడమనిషి నిలబడి, బల్ల మీదికి వంగి రాస్తూ కనపడింది. నడుం నొప్పికి ఒక చెయ్యి వెనక పెట్టుకుని ఉంది.

"ఎవరూ రాలేదామ్మా ఇయ్యాల?" అని అడిగాడు ఆయన.

"అందరూ వచ్చారు తాతా. నేనొక్కదాన్నే లెక్కలో లేను," అంది దీవెనమ్మ.

ఆయనకి అర్థం కాలేదు. భార్య పేరు చెప్పాడు, ఊపిరి ఆడక పోయిందని చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు. దీవెనమ్మ కూజాలోంచి మంచినీళ్లు వంచి ఇచ్చి, కాసేపు ఆగి, నిదానంగా వివరాలు అడిగి రాసుకుంది. ఆయన కాళ్లు వణుకుతున్నాయని చూసి స్టూలు చూపించింది. జనం కూర్చోకూడదని ఏ సర్క్యులర్‌లోనూ లేదు. ఆయన కూలబడి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, నిలబడి రాస్తున్న మనిషిని చూసి నొచ్చుకున్నాడు.

"అదేందమ్మా, నేను కూచుని నువ్వు నిలబడటమేంది. లోపల అన్ని కుర్చీలున్నాయి గదా, ఒకటి లాక్కుని కూచో."

దీవెనమ్మ ముద్ర తీసి, సిరా అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కింది.

"కూచుంటే ఉద్యోగం పోద్ది తాతా," అంది.